నూగు

నేలమాళిగలో బట్టలుతికే గది.
నలభై రెండు ఇళ్లకి రెండు యంత్రాలు, ఒక డ్రయ్యర్,
గోడకి ఒక చెక్కపలక.
పలక మీద వారాలూ గంటలూ, పక్కన చిన్న చిన్న కన్నాలు.
నీ తాళం ఏ గంటకి బిగిస్తే
ఆ గంటకి నువ్వే రాణివి.

నార్షోపింగ్‌లో మంచు మార్చి దాటితే గాని పోదు.
దండెం కట్టుకునే మాట లేదు.
అందుకే మా పోట్లాటలన్నీ నేల కింద జరుగుతాయి,
నోరు తెరవకుండా,
చీటీల మీద.

మొదటి చీటీ గున్‌వోర్‌ది:
"ఎవరో నా మంగళవారం వాడేసుకున్నారు."
రెండోది టోర్‌స్టెన్‌ది, బండ అక్షరాలతో:
"జల్లెడలో నూగు తీయాలని అందరికీ తెలుసు."
మూడోదానికి సంతకం లేదు:
"ఇది హోటల్ కాదు."
నాలుగోది నాది. దాచడమెందుకు.
"దయచేసి" అని మొదలెట్టి
మూడు ఆశ్చర్యార్థకాలతో ముగించాను.
మర్నాటికి నా స్వీడిష్‌లో ఒక తప్పుని
ఎవరో ఎర్ర పెన్నుతో దిద్దిపెట్టారు.

బోస్నియా నుంచి నేనొచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది.

ఎవరి గురించో ఎవరూ రాయలేదు.
శీతాకాలం ముందు మూడో అంతస్తులో దిగిన
లెతెబ్రహాన్ గురించని
మెట్లకి కూడా తెలుసు.

సంఘం ఆఫీసులో అడిగాను, ఆమెకి ఎవరైనా చెప్పారా అని.
"తాళంచెవులతో పాటు పదకొండు పేజీలు ఇచ్చాం" అన్నాడాయన.
"నేనేమన్నా బడిపంతులమ్మనా?" అంది గున్‌వోర్.
"తెలియకపోతే అడగాలి" అన్నాడు టోర్‌స్టెన్.

తెలియదన్న సంగతి తెలిస్తే కదా, టోర్‌స్టెన్,
అడగడానికి.
ఈ మాట అప్పుడు తట్టలేదు నాకు.
ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే తట్టింది.
మంచి మాటలన్నీ నాకు గిన్నెల దగ్గరే తడతాయి.

శుక్రవారం బుట్టతో దిగేసరికి
గోడ ముందు తల్లీ కూతురూ.
పిల్ల, ఫెవెన్, ఎనిమిదేళ్లుంటాయేమో,
చీటీలన్నీ వేలుపెట్టి చదివి
తమ భాషలోకి మార్చి చెబుతోంది.
నాది కూడా చదివింది. దిద్దిన తప్పుతో సహా.
తల్లి ఏదో అడిగింది.
పిల్ల నావైపు తిరిగింది:
"అందరికీ తెలుసు అని ఉంది కదా,
అందరూ అంటే ఎవరు అంటోంది మా అమ్మ."

బుట్ట బరువెక్కింది.

తొంభై మూడు, ఫిబ్రవరి. ఇదే గది.
నేను వేరే ఎవరి గంటలోనో
నా ఇద్దరు పిల్లల చొక్కాలు నానబెట్టుకుని నిలబడ్డాను.
అవునె అనే ఫిన్లండ్ ముసలావిడ వచ్చింది, అది ఆవిడ గంట.
ఆవిడకీ ఈ దేశపు మాట సగమే వచ్చు.
అరుస్తుందనుకున్నాను.
నా మణికట్టు పట్టుకుని డ్రయ్యర్ దగ్గరికి నడిపించి
జల్లెడ బయటికి లాగి,
నూగుని చాపలా చుట్టి నా అరచేతిలో పెట్టింది.
వెచ్చగా ఉంది, కళ్లు తెరవని పిల్లికూన లాగ.
తర్వాత ఒక్కో గంటా వేలితో చూపించింది పలక మీద.
తన బట్టలు ఉతుక్కోకుండానే పైకి వెళ్లిపోయింది.

అది పదకొండు పేజీల్లో ఏ పేజీ?
ఆవిడకి ఎవరు అప్పజెప్పారు ఆ పని?
అడగలేదెప్పుడూ. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్లయింది.
నేను మాత్రం
అమ్మ కడుపులోనే నేర్చుకుని పుట్టినట్టు
చీటీ రాశాను.

బుట్ట కింద పెట్టాను.
ఎలా మొదలెట్టాలో తెలియక జల్లెడ లాగాను.
బూడిదరంగు నూగు, దళసరిగా.
గున్‌వోర్ తువ్వాళ్లూ, టోర్‌స్టెన్ మేజోళ్లూ,
ఫెవెన్ బడి స్వెటరూ, నా నల్ల కోటూ,
ఏది ఎవరిదో ఇక విడదీయలేం.
చుట్టి లెతెబ్రహాన్ చేతిలో పెట్టాను.

ఆమె నవ్వి, దానికి తమ భాషలో ఒక పేరు చెప్పింది.
పలకబోయి తప్పు పలికాను.
ఫెవెన్ దిద్దింది, పెన్ను లేకుండా.

నా చీటీ చించి జేబులో వేసుకున్నాను.
మిగతా మూడూ అలాగే ఉన్నాయి.
సోమవారానికి ఐదోది వచ్చింది:
"గోడ మీంచి చీటీలు ఎవరు చింపుతున్నారు?"